ఆఫీసు నెట్‌వర్క్‌కు ఏ యాంటీవైరస్? వరంగల్ వ్యాపారులు తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో ఉంటూ చుట్టుపక్కల చిన్న ఆఫీసుల నెట్‌వర్కులు చూసుకుంటాను. ఎనుమాముల మార్కెట్లో అడ్తి (కమీషన్) దుకాణాలు, జిన్నింగ్ మిల్లులు, పరకాల, హుజూరాబాద్ వైపు రైస్ మిల్లులు, స్కానింగ్ సెంటర్లు, బడులు, ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపులు. ఒక్కోచోట ఐదు సిస్టంల నుంచి నలభై దాకా ఉంటాయి. యాంటీవైరస్ కొనేముందు, కొన్నాక, ఒక్కోసారి అంతా పోయాక వాళ్లు నన్ను అడిగినవే ఇక్కడ రాశాను.

అన్నీ వద్దు, మంచిది ఒక్క పేరు చెప్పండి చాలు.

అందరూ మొదట అడిగేది ఇదే. పేరు చెప్పడం కష్టం కాదు. సెక్రైట్, కే7, ఈస్కాన్, బిట్‌డిఫెండర్, ఈసెట్, సోఫోస్, ట్రెండ్ మైక్రో, మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఫర్ బిజినెస్... వీటిలో దేన్ని తీసుకున్నా, సరిగ్గా పెట్టి రోజూ చూసుకుంటే చిన్న ఆఫీసుకు సరిపోతుంది. నేను చూసినంతలో డేటా పోయిన చోట్ల యాంటీవైరస్ లేక పోయింది తక్కువ. యాంటీవైరస్ ఉండి, దాన్ని చూసే మనిషి లేక పోయింది ఎక్కువ. అందుకే నేను పేరు చెప్పేముందు రెండు మాటలు అడుగుతాను. దీని కన్సోల్, అంటే అన్ని సిస్టంల సంగతి ఒకేచోట చూపే తెర, రోజూ తెరిచి చూసేది ఎవరు? మీ బ్యాకప్ ఎక్కడుంది? ఈ రెండింటికీ జవాబు ఉంటే పేరు గురించి గంటలో తేల్చుకోవచ్చు.

యాంటీవైరస్ ఉన్నా డేటా ఎలా పోతుంది?

ఒక అడ్తి దుకాణంలో జరిగింది చెబుతాను. మిర్చి సీజను, మార్కెట్ నిండా బస్తాలు. పొద్దున ఏడున్నరకు గుమస్తా ఫోన్ చేశాడు. "అన్నా, ట్యాలీ ఓపెన్ అయితలేదు. ఫైళ్ల పేర్లన్నీ మారినయ్." వెళ్లి చూస్తే ప్రతి ఫైలు పేరు చివర ఎప్పుడూ చూడని నాలుగైదు అక్షరాలు తగిలించి ఉన్నాయి. డెస్క్‌టాప్ మీద ఒక చిన్న టెక్స్ట్ ఫైలు. తెరిస్తే డబ్బులు కట్టమని, ఫలానా ఈమెయిల్‌కు రాయమని. బయట రైతులు తక్‌పట్టీల (సరుకు లెక్క చీటీల) కోసం వరుసలో నిలబడ్డారు.

యాంటీవైరస్ ఉంది. కింద గడియారం పక్కన దాని గుర్తు ఎర్రగా ఉంది. లైసెన్సు అయిపోయి నాలుగు నెలలు. రోజూ ఉదయం రెన్యువల్ చేయమని ఒక పెట్టె తెర మీదికి వచ్చేదట, గుమస్తా దాన్ని మూసేసి పని మొదలుపెట్టేవాడట. అతని తప్పు అనను, అది అతని పని అని ఎవరూ చెప్పలేదు.

లోపలికి ఎలా వచ్చారన్నది వేరే కథ. అకౌంటెంట్ రాత్రిపూట ఇంటి నుంచి ట్యాలీ చూసుకోవడానికి రౌటర్‌లో 3389 పోర్టు తెరిచి పెట్టారు. దూరం నుంచి సిస్టంను నడిపే రిమోట్ డెస్క్‌టాప్‌కు దారి ఆ పోర్టు. ప్రపంచం నలుమూలల నుంచీ ఆ పోర్టు కోసం రాత్రింబవళ్లు వెతికే ప్రోగ్రాములు ఉన్నాయి. దొరికితే పాస్‌వర్డులు ఒక్కొక్కటే వేసి చూస్తూ ఉంటాయి. ఇక్కడి పాస్‌వర్డు దుకాణం పేరు, పక్కన 123. తలుపు పగలగొట్టాల్సిన పని లేకుండా తాళంచెవి పెట్టి వచ్చినట్టు వచ్చారు. అలా అడ్మినిస్ట్రేటర్‌గా వచ్చినవాడు యాంటీవైరస్‌ను రెండు క్లిక్కులతో ఆపేయగలడు. ఎవరూ దాన్ని ఆపేయకుండా ఒక పాస్‌వర్డు పెట్టుకోవచ్చు. ఇక్కడ అది కూడా పెట్టలేదు.

బ్యాకప్ డ్రైవు ఉంది. అది సర్వర్‌కే, ఏడాది పొడవునా గుచ్చి ఉంది. దానిలో ఫైళ్ల పేర్లు కూడా మారిపోయాయి.

చివరికి దొరికింది, జీఎస్టీ పని కోసం మూడు వారాల కింద ఆడిటర్ పెన్ డ్రైవ్‌లో తీసుకుపోయిన ట్యాలీ కాపీ. ఆ మూడు వారాల లెక్క తక్‌పట్టీల కార్బన్ కాపీలు ముందేసుకుని ఇద్దరు మనుషులు తొమ్మిది రోజులు కూర్చుని ఎక్కించారు. ఆ కాగితాలు లేకపోతే ఏ రైతుకు ఎంత ఇవ్వాలో తేల్చే దారే లేదు.

ఇంట్లో వాడే యాంటీవైరస్‌కూ ఆఫీసుదానికీ తేడా ఏంటి? డబ్బాలో వచ్చేది ఐదు సిస్టంలకు ఒక కీ అంటున్నారు, చాలా చవక.

వైరస్‌ను పట్టే ఇంజన్ రెండింటిలోనూ చాలావరకు ఒకటే. తేడా కన్సోల్‌లో ఉంది. ఇంటి ప్యాకెట్ వేస్తే ఏ సిస్టం సంగతి ఆ సిస్టం ముందు కూర్చున్నవాడికే తెలుస్తుంది. ఆఫీసుదైతే అన్ని సిస్టంల సంగతి ఒకే తెర మీద కనిపిస్తుంది. ఏది అప్‌డేట్ కాలేదు, దేనిలో ఏం దొరికింది, ఎవరు ఆపేశారు అన్నీ తెలుస్తాయి. పెన్ డ్రైవ్‌లు ఆపాలన్నా, స్కాన్ రాత్రికి పెట్టాలన్నా అక్కడి నుంచే. మూడు సిస్టంల దాకా ఇంటి ప్యాకెట్‌తో నెట్టుకురావచ్చేమో. ఐదు దాటితే కన్సోల్ లేకుండా కొనకండి. ఇంటి వాడకానికి ఇచ్చిన లైసెన్సును వ్యాపారంలో వాడకూడదని చాలా కంపెనీల షరతుల్లోనే ఉంటుంది.

విండోస్‌తో వచ్చే డిఫెండర్ చాలదా?

ఒకప్పుడు చాలదనేవాణ్ని. ఇప్పుడు అనను. విండోస్ 10, 11లలో ఉన్న డిఫెండర్ పరీక్షల్లో డబ్బు పెట్టి కొనేవాటి పక్కన నిలబడుతోంది. ఇంటి ప్యాకెట్‌కు చెప్పిన లోటే దీనికీ ఉంది: ఉచితంగా వచ్చేదానికి కన్సోల్ రాదు. కన్సోల్ కావాలంటే డిఫెండర్ ఫర్ బిజినెస్ విడిగా కొనాలి. 300 మంది దాకా ఉన్న సంస్థలకు ఇస్తారు, మనిషికి ఐదు పరికరాల దాకా వేసుకోవచ్చు. మీరు ఇప్పటికే మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్ ప్రీమియం కడుతుంటే అది అందులోనే ఉంది. డబ్బు కట్టి వాడనివాళ్లు ఇద్దరు ముగ్గురు నాకు తెలుసు, వెంటనే చూసుకోండి.

డిఫెండర్‌లో ఫోల్డర్లకు కాపలా కాసే సదుపాయం ఒకటి ఉంది. నమ్మకం లేని ప్రోగ్రాములను డాక్యుమెంట్ల జోలికి రానివ్వదు. మామూలుగా ఆపేసి ఉంటుంది. తెరిచి, ట్యాలీ డేటా ఫోల్డర్‌ను ఆ జాబితాలో చేర్చి, ట్యాలీకి మాత్రం అనుమతి ఇవ్వాలి. మొదటి రెండు రోజులు ఒకటి రెండు ప్రోగ్రాములను అడ్డుకుంటుంది, వాటికీ అనుమతి ఇస్తే సర్దుకుంటుంది.

రెండు యాంటీవైరస్‌లు వేస్తే డబుల్ సేఫ్టీ కదా?

కాదు. ఒకే ఫైలును రెండూ ఒకేసారి పట్టుకుంటాయి, సిస్టం హ్యాంగ్ అవుతుంది. మామూలు విండోస్‌లో వేరే కంపెనీది వేస్తే డిఫెండర్ తనంతట తనే పక్కకు తప్పుకుంటుంది. విండోస్ సర్వర్‌లో అలా తప్పుకోదు, మనమే తీసేయాలి లేదా ఆపాలి. సర్వర్ ఉన్నట్టుండి నత్తలా మారిందని పిలిస్తే నేను మొదట చూసేది ఇదే.

మా దగ్గర పది సిస్టంలున్నాయి. సర్వర్‌కు, అకౌంట్స్ సిస్టంకు వేస్తే చాలదా? మిగతావి ఊరికే బిల్లు కొట్టేవి.

చాలదు. ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి, అందరూ తప్పేది ఇక్కడే.

ట్యాలీ డేటా సర్వర్‌లో షేర్డ్ ఫోల్డర్‌లో ఉంటుంది. బిల్లింగ్ సిస్టం నుంచి ఆ ఫోల్డర్‌లో రాయొచ్చు, లేకపోతే బిల్లు ఎక్కదు. ఇప్పుడు రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రాం, బిల్లింగ్ సిస్టంలో పడిందనుకోండి. ఆ ప్రోగ్రాం నడిచేది బిల్లింగ్ సిస్టంలోనే, సర్వర్‌లో కాదు. అది షేర్డ్ ఫోల్డర్‌లోని ఫైలు తెరిచి, తాళం వేసి, మళ్లీ రాస్తుంది. సర్వర్‌కు కనిపించేది మాత్రం ఎప్పుడూ వచ్చే బిల్లింగ్ సిస్టం నుంచి ఎవరో ఫైలు మారుస్తున్నట్టు. సర్వర్‌లో ఎంత ఖరీదైన యాంటీవైరస్ ఉన్నా, తన దగ్గర చెడ్డ ప్రోగ్రాం ఏదీ నడవడం లేదు కాబట్టి పసిగట్టలేకపోవచ్చు. చెరువు కట్టకు ఒక్క చోట బుంగ పడితే చాలు. పదికి పదీ వేయండి. డబ్బు తక్కువైతే కాస్త చవకదాన్నే పదింటికీ వేయండి.

ఎవరికి ఏ ఫోల్డర్ అవసరమో అంతే ఇవ్వండి. గేటు దగ్గరి సిస్టంకు సర్వర్ డీ డ్రైవ్ మొత్తం తెరిచిపెట్టడం నేను చాలా చోట్ల చూశాను.

సర్వర్‌కు లైసెన్సు వేరే కొనాలా?

చాలా కంపెనీల్లో అవును. కొటేషన్‌లో సర్వర్ల సంఖ్య విడిగా రాయించుకోండి.

కన్సోల్ క్లౌడ్‌లో ఉండాలా, మన సర్వర్‌లోనా?

ముప్పై నలభై సిస్టంల లోపు ఆఫీసుకు క్లౌడ్ కన్సోలే అంటాను. వరంగల్ దుకాణం, గీసుగొండ గోదాము, జమ్మికుంట బ్రాంచి మూడూ ఒకే తెర మీద కనిపిస్తాయి, సేటు తన ఫోన్‌లోనే చూసుకోవచ్చు. సొంత సర్వర్‌లో పెడితే ఆ సర్వర్ ఆగిన రోజు కన్సోల్ కూడా ఆగుతుంది.

ఒక్క చోట దీనికి మినహాయింపు ఉంది. ఊరి చివర మిల్లుకు నెట్ సన్నగా వస్తుంటే ఇరవై సిస్టంలు విడివిడిగా అప్‌డేట్ దించుకోవడం మొదలుపెడితే ఈ-వే బిల్లు కూడా తీయలేరు. అలాంటి చోట ఒక సిస్టం దించుకుని మిగతావాటికి ల్యాన్‌లో (ఆఫీసు లోపలి నెట్‌వర్క్‌లో) పంచే ఏర్పాటు ఉందో లేదో అడగండి. చాలావాటిలో ఉంటుంది, పెట్టేవాళ్లు తక్కువ. క్లౌడ్ కన్సోల్‌కు రెండంచెల లాగిన్, అంటే పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌కు వచ్చే కోడ్, తప్పక పెట్టండి. ఆ కన్సోల్ చేతికి చిక్కితే ఆఫీసంతా చిక్కినట్టే.

యాంటీవైరస్ వేస్తే సిస్టం స్లో అవుతుందని మా ఆపరేటర్లు తీసేస్తున్నారు.

వాళ్ల బాధ నిజం. 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్ ఉన్న సిస్టంలో పొద్దున పదింటికి ఫుల్ స్కాన్ మొదలైతే ఒక్క బిల్లు ఎక్కడానికి ఒక నిమిషం పడుతుంది. కౌంటర్ దగ్గర మనిషి నిలబడి అరుస్తుంటే ఆపరేటర్ ఏం చేస్తాడు?

ఫుల్ స్కాన్‌ను మధ్యాహ్న భోజన వేళకో, దుకాణం కట్టేశాక ఒక గంటకో మార్చండి. హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయండి. పాత సిస్టంకు ఎస్‌ఎస్‌డీ వేస్తే ఎంత తేడా వస్తుందో చూస్తే మళ్లీ ఎవరూ యాంటీవైరస్‌ను తిట్టరు. ఇవి చేశాక, ఎవరూ యాంటీవైరస్‌ను తీసేయకుండా పాస్‌వర్డు పెట్టండి. ముందే పాస్‌వర్డు పెట్టి నోరు మూయిస్తే వాళ్లు ఇంకో దారి వెతుకుతారు.

ట్యాలీనో, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌నో యాంటీవైరస్ అడ్డుకుంటోంది. సర్వీస్ చేసే అబ్బాయి డీ డ్రైవ్ మొత్తం ఎక్స్‌క్లూజన్‌లో (స్కాన్ చేయొద్దనే జాబితాలో) పెట్టిపోయాడు. సరేనా?

సరి కాదు. యాంటీవైరస్ కళ్లకు గంతలు కట్టినట్టు. ఏ ప్రోగ్రాం ఫైలు అడ్డు తగులుతోందో కన్సోల్ లాగ్‌లో ఉంటుంది. ఆ ఒక్క ఫైలుకు మినహాయింపు ఇవ్వండి, ఫోల్డర్లకు డ్రైవులకు వద్దు. స్థానికంగా రాయించుకున్న బిల్లింగ్ ప్రోగ్రాములకు ఈ చిక్కు ఎక్కువ, వాటికి డిజిటల్ సంతకం ఉండదు. యాంటీవైరస్ కంపెనీకి ఆ ఫైలు పంపి ఇది మాదేనని చెబితే వాళ్ల జాబితాలో సరిచేస్తారు.

మా దగ్గర డీటీపీ చేసే ఒక షాపులో తెలుగు టైపింగ్‌కు వాడే పాత కీబోర్డు ప్రోగ్రాంను యాంటీవైరస్ ఒక రాత్రి తీసి క్వారంటైన్‌లో పెట్టింది. పొద్దున పెళ్లి కార్డుల పని ఆగిపోయింది. అది నొక్కిన ప్రతి మీటను చదివి తెలుగు అక్షరంగా మారుస్తుంది. పాస్‌వర్డులు దొంగిలించే ప్రోగ్రాములు కూడా మీటలే చదువుతాయి. యాంటీవైరస్ అనుమానం అర్థం లేనిది కాదు. అసలు సీడీ నుంచి మళ్లీ వేసి, ఆ ఒక్క ఫైలుకే అనుమతి ఇచ్చాం.

విండోస్ 7 సిస్టంలు ఇంకా ఉన్నాయి. వాటికి ఏది వేయాలి?

విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14న మామూలు సపోర్టు ఆపేసింది. విండోస్ 10కు 2025 అక్టోబర్ 14న ఆగింది. 10కి సంస్థలు డబ్బు కట్టి మూడేళ్ల దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకోవచ్చు. 7కు ఆ దారీ మూసుకుపోయింది.

అప్‌డేట్ లేని విండోస్ మీద యాంటీవైరస్ ఎందుకు సరిపోదో 2017 మే 12న లోకమంతా చూసింది. వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ఎవరూ ఏ ఫైలూ తెరవకుండానే, ఒక సిస్టం నుంచి ఇంకో సిస్టంకు ఫైల్ షేరింగ్ దారిలోనే పాకింది. 150 దేశాల దాకా తాకింది, పొరుగున ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా అందులో ఉన్నాయి. ఆ రంధ్రాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది. దాడికి రెండు నెలల ముందు. వేసుకున్నవాళ్లను అది తాకలేదు.

మార్చలేని సిస్టంలు కొన్ని ఉంటాయని నాకు తెలుసు. లారీలు తూచే ధర్మకాంటాకు కట్టిన కంప్యూటర్, పాత పేజ్‌మేకర్ నడిచే సిస్టం. వాటికి ఇంటర్నెట్ తీసేయండి. షేర్డ్ ఫోల్డర్లు తీసేయండి. వీలైతే నెట్‌వర్క్ నుంచే వేరు చేసి, బరువు చీటీ ప్రింటర్ ఒక్కటి కట్టి వదిలేయండి. ఏ యాంటీవైరస్ వేయాలన్న ప్రశ్న అప్పుడు చిన్నదైపోతుంది.

క్రాక్ చేసిన (డబ్బు కట్టకుండా తాళం పగలగొట్టిన) విండోస్, కోరల్ డిజైన్ సాఫ్ట్‌వేర్ ఉన్న సిస్టంల మీద మంచి యాంటీవైరస్ వేస్తే పర్వాలేదా?

పర్వా ఉంది. ఆ క్రాక్ నడవాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటుంది, గమనించారా? ఆపి, అడ్మినిస్ట్రేటర్‌గా నడపమంటుంది. అంటే ముక్కూమొహం తెలియని మనిషికి ఇంటి తాళంచెవులు ఇచ్చి, కుక్కను కట్టేసినట్టు. ఫ్లెక్స్ ప్రింటింగ్ మిత్రులకు ఈ మాట చేదుగా ఉంటుందని తెలుసు, అసలు సాఫ్ట్‌వేర్ ధరలు చిన్న షాపుకు బరువే. కనీసం కస్టమర్ల పెన్ డ్రైవ్‌లు పెట్టే సిస్టంను, డబ్బు లెక్కలుండే సిస్టంను వేరు చేయండి. క్రాక్ ఉన్న సిస్టంలో నెట్ బ్యాంకింగ్ తెరవకండి. ఎప్పుడూ.

పెన్ డ్రైవ్‌లు పూర్తిగా ఆపాలా?

ఆఫీసు కన్సోల్‌లో దీనికి మూడు రకాల దారులుంటాయి. పూర్తిగా ఆపొచ్చు, చదవడానికి మాత్రమే వదలొచ్చు, ఆఫీసు పెన్ డ్రైవ్‌లను నమోదు చేసి వాటినే అనుమతించొచ్చు. నేను మూడోది పెడతాను. ఆడిటర్ దగ్గరికి పోయొచ్చే పెన్ డ్రైవ్‌కు ఒక రంగు స్టిక్కర్ అంటిస్తే అందరికీ గుర్తుంటుంది. జిరాక్స్ సెంటర్‌కు పోయొచ్చిన పెన్ డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారి కనిపిస్తే ఏదీ క్లిక్ చేయకుండా తీసేయండి. ఫైళ్లు పోలేదు, దాచి ఉంటాయి.

మన దేశపు కంపెనీదా, విదేశీదా?

క్విక్ హీల్ పుణె కంపెనీ, వ్యాపారాలకు సెక్రైట్ పేరుతో ఇస్తుంది. కే7 చెన్నైది, ఈస్కాన్ ముంబైది. వీటికి ఈ ప్రాంతంలో డీలర్లు దొరకడం సులువు. విదేశీవాటిలో కొన్నిటి కన్సోల్ ఇంకా నున్నగా ఉంటుంది. దేశాన్ని బట్టి కాకుండా మూడు సంగతులను బట్టి తేల్చండి: శనివారం సాయంత్రం సమస్య వస్తే ఫోన్ ఎత్తేదెవరు, స్వతంత్ర పరీక్షల్లో ఎలా ఉంది, మీ నెమ్మది సిస్టంలో ఎలా నడుస్తోంది.

కంపెనీ వెనుక దేశం గురించి ఒక్క సంగతి తెలిసి ఉండాలి. 2024లో అమెరికా ప్రభుత్వం రష్యాకు చెందిన క్యాస్పర్‌స్కీ అమ్మకాలను తమ దేశంలో నిషేధించింది, సెప్టెంబర్ 29 నుంచి అక్కడ అప్‌డేట్లు కూడా ఆపించింది. అమెరికా కంపెనీలకు పని చేసే మడికొండ ఐటీ పార్కులోని చిన్న సంస్థలు ఏది వాడాలో తమ క్లయింట్‌ను ముందే అడగడం మంచిది.

ఏ పరీక్షలను నమ్మాలి?

జర్మనీలోని ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలోని ఏవీ-కంపారటివ్స్. ఏవీ-టెస్ట్ రక్షణకు 6, వేగానికి 6, వాడకానికి 6, మొత్తం 18 మార్కులు వేస్తుంది. వాడకం అంటే మంచి ఫైలును పట్టుకుని దొంగ అనకపోవడం. పేరున్నవి చాలావరకు 17, 18 దగ్గరే ఉంటాయి. అర మార్కు తేడా చూసి కంగారుపడి మార్చకండి. వ్యాపారాల ఉత్పత్తులకు పరీక్షలు వేరుగా ఉంటాయి, ఇంటివాటి ఫలితాలు చూపించి అమ్మే డీలర్లు ఉన్నారు.

ఈడీఆర్ తీసుకోమంటున్నారు. అంటే ఏమిటి?

మామూలు యాంటీవైరస్ చెడ్డ ఫైలును గుర్తుపట్టి ఆపుతుంది. ఈడీఆర్ సిస్టంలో జరిగే పనులన్నీ రాసిపెట్టుకుని, ఏదైనా తేడాగా కనిపిస్తే చెబుతుంది: అర్ధరాత్రి వర్డ్ ఫైలు లోంచి ఇంకో ప్రోగ్రాం ఎందుకు మొదలైంది, అది ఎక్కడికి కనెక్ట్ అయింది. చాలా విలువైన సంగతి. కానీ అది చెప్పేది వినే మనిషి కావాలి. రెడ్ సిగ్నల్‌ను నాలుగు నెలలు మూసేసిన చోట ఈడీఆర్ పెడితే ఇంకో నాలుగు పెట్టెలు మూస్తారు. నలభై సిస్టంలు, చూసే మనిషి ఉంటే తీసుకోండి. లేకుంటే ఆ డబ్బు బ్యాకప్ మీద పెట్టండి.

అప్‌డేట్ వల్లే సిస్టంలు ఆగిపోయాయని 2024లో విన్నాం. ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపాలా?

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన ఒక తప్పు ఫైలు వల్ల దాదాపు 85 లక్షల విండోస్ సిస్టంలు నీలి తెరతో ఆగిపోయాయి, విమానాలు కూడా ఆగాయి. అయినా ఆపొద్దు. ఆపిన సిస్టం వారంలోనే పాతబడుతుంది. వైరస్ గుర్తులు వచ్చినవి వచ్చినట్టే అందరికీ పోనివ్వండి. ప్రోగ్రాం వెర్షన్ మారే పెద్ద అప్‌డేట్లను మాత్రం ముందు రెండు సిస్టంలకు, రెండు రోజులాగి మిగతావాటికి పోయేలా కన్సోల్‌లో గుంపులు చేసుకోవచ్చు.

కొనేముందు ఎలా పరీక్షించాలి?

చాలా కంపెనీలు ముప్పై రోజుల దాకా ట్రయల్ ఇస్తాయి. డీలర్ తన మెరిసే ల్యాప్‌టాప్‌లో చూపించేది చూసి కొనకండి. మీ ఆఫీసులో అన్నిటికన్నా నెమ్మదిగా నడిచే సిస్టంలో వేయించండి. నెల చివరా, జీఎస్టీ రిటర్నులు వేసే రోజుల్లోనూ వాడండి. బార్‌కోడ్ ప్రింటర్, బయోమెట్రిక్, డిజిటల్ సంతకం టోకెన్ అన్నీ పని చేస్తున్నాయా చూడండి.

పని చేస్తోందో లేదో తెలుసుకోవడానికి నిజమైన వైరస్ తెచ్చుకోనక్కర్లేదు. ఐకార్ అని 68 అక్షరాల ఒక పరీక్ష వరుస ఉంది, ఏ హానీ చేయదు, దాన్ని చూడగానే పట్టుకోవాలని యాంటీవైరస్ కంపెనీలు చాలావరకు ఒప్పుకున్నాయి. ఐకార్ సంస్థ సైటు నుంచి దించుకుని చూడండి. సిస్టంలో పట్టుకుంటే సగమే పాసు. ఎన్ని నిమిషాల్లో కన్సోల్‌లో కనిపించింది, మీ ఫోన్‌కు మెసేజ్ వచ్చిందా అన్నది మిగతా సగం.

కొటేషన్‌లో ఏం చూడాలి?

సిస్టంకు ఏడాదికి ఎంత అన్న లెక్కలో అడగండి, 18 శాతం జీఎస్టీ కలిపి. మొదటి ఏడాది చూపించిన ధర రెన్యువల్‌కు ఉండదు కాబట్టి రెన్యువల్ ధర ఇప్పుడే రాయించుకోండి. లైసెన్సు మీ సంస్థ పేరు మీద, మీ ఈమెయిల్ మీద ఉండాలి. డీలర్ ఈమెయిల్ మీద ఉంటే అతనితో మాట పడని రోజు కన్సోల్ కూడా మీది కాదు. ఆఖరి తేదీని దుకాణంలో గోడ క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాయండి, నెల ముందు ఇంకోసారి రాయండి.

ఫోన్లకు కూడా కావాలా?

ముందు ఒక అలవాటు కావాలి: వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలును (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలును) ఎవరు పంపినా నొక్కొద్దు. పెళ్లి పత్రిక అని, పీఎం కిసాన్ అని, ట్రాఫిక్ చలాన్ అని వస్తుంటాయి. తెలిసినవాళ్ల నంబర్ నుంచే వస్తాయి, ఎందుకంటే వాళ్ల ఫోన్ ముందే పోయి ఉంటుంది. బ్యాంకు ఓటీపీలు వచ్చే ఫోన్‌కు మాత్రం ఆఫీసు లైసెన్సులో మొబైల్ ఉంటే వేయండి.

మాది ఆసుపత్రి. మాకు వేరే జాగ్రత్తలున్నాయా?

ఉన్నాయి. 2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు దాడికి గురైనప్పుడు రోజుల తరబడి ఓపీ చీటీలు చేత్తో రాయాల్సి వచ్చింది. స్కానింగ్, ల్యాబ్ మెషిన్ల పక్కనుండే కంప్యూటర్లలో మెషిన్ కంపెనీని అడగకుండా యాంటీవైరస్ వేయకండి, వారంటీ తకరారు వస్తుంది. వాటిని రిసెప్షన్, వైఫైల నుంచి వేరే నెట్‌వర్క్‌లో పెట్టండి. రోగుల వైఫై వేరు, మీ వైఫై వేరు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, తగిన భద్రత పెట్టకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వెళ్లొచ్చని ఉంది.

బ్యాకప్ ఎలా ఉండాలి?

మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి దుకాణం బయట. రెండు ఎక్స్‌టర్నల్ డ్రైవులు కొనండి. సోమవారం ఒకటి, గురువారం ఒకటి. కాపీ అవగానే వైరు తీసి బీరువాలో పెట్టాలి, రెండోది ఇంట్లో. తీసిన డ్రైవును ఏ రాన్సమ్‌వేర్ అందుకోలేదు. నెలకోసారి ఆ కాపీని వేరే సిస్టంలో తెరిచి కాపీ తీసిన రోజు బిల్లు కనిపిస్తోందో లేదో చూడండి.

ఇప్పుడే దాడి జరిగింది. ఏం చేయాలి?

నెట్ వైరు పీకండి, వైఫై ఆపండి. అన్ని సిస్టంలకూ. ఫార్మాట్ కొట్టకండి, ఆత్రంగా ఎవరో ఒకరు ముందు కొట్టేసేది అదే. తెర మీది మాటను ఫోన్‌తో ఫోటో తీయండి. బ్యాకప్ డ్రైవును ఇప్పుడు గుచ్చకండి. డబ్బు ఏదైనా పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే బ్యాంకులో ఆపే అవకాశం అంత ఎక్కువ. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు రాయండి. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి ఘటనలను సంస్థలు తెలిసిన 6 గంటల్లోపు వాళ్లకు తెలపాలి.

డబ్బు కట్టమని నేను చెప్పను. కట్టినా తాళం తీస్తాడన్న పూచీ లేదు. పోలీసులు, యాంటీవైరస్ కంపెనీలు కలిసి 2016లో మొదలుపెట్టిన నో మోర్ రాన్సమ్ సైటులో కొన్ని రాన్సమ్‌వేర్‌లకు విరుగుడు ఉచితంగా దొరుకుతుంది. ముందు అక్కడ చూడండి. విరుగుడు ఇప్పుడు లేకపోయినా ఆ హార్డ్ డిస్క్ దాచి ఉంచండి, తర్వాత వచ్చిన సందర్భాలున్నాయి.

మా దగ్గర ఐటీ మనిషి లేడు. కన్సోల్ ఎవరు చూడాలి?

ఐటీ చదివినవాళ్లే అక్కర్లేదు. రోజూ పొద్దున క్యాష్ లెక్క చూసే మనిషిని పెట్టండి. పని ఐదు నిమిషాలు: ఎన్ని సిస్టంలు ఉండాలి, ఎన్ని కనిపిస్తున్నాయి, ఎర్రగా ఏదైనా ఉందా, ఏదైనా రెండు రోజులుగా కనిపించడం లేదా. కనిపించకపోతే ఆ సిస్టం దగ్గరికి లేచి వెళ్లి చూడాలి.

ఒక జిన్నింగ్ మిల్లులో ఈ పని అకౌంట్స్ చూసే అమ్మాయికి అప్పగించాం. రెండో వారంలోనే ఫోన్ చేసింది. "సార్, పదహారు ఉండాలె, పదిహేనే కనబడుతున్నయ్. నిన్న కూడా పదిహేనే." కనిపించనిది పత్తి బేళ్లు తూచే చోటి సిస్టం. వెళ్లి చూస్తే దాని ముందు డ్రైవరొకాయన కూర్చుని పెన్ డ్రైవ్‌లో పాటలు ఎక్కించుకుంటున్నాడు. పెన్ డ్రైవ్ తీసుకోవడం లేదని ముందురోజు ఎవరో యాంటీవైరస్‌ను తీసేశారు. మళ్లీ వేసి, పాస్‌వర్డు పెట్టి, స్కాన్ చేస్తే ఆ పెన్ డ్రైవ్‌లో మూడు వైరస్‌లు దొరికాయి. ఆ సిస్టం నుంచి సర్వర్ ఫోల్డర్‌కు దారి ఉంది, అది కూడా ఆ మధ్యాహ్నమే మూసేశాం.